తెల్ల చెవి బొంత

రామన్నపేటలో మెహమూద్ పంక్చర్ షాపు వెనక గల్లీలోకి మళ్లితే, ఎండ పడే ప్రతి గోడ మీదా ఏదో ఒకటి ఆరుతూ కనిపిస్తుంది. మిరపకాయలు, వడియాలు, బడి బట్టలు, బొంతలు. బొంతల ముందు కాసేపు ఆగడం నాకు అలవాటు. ఒక బొంతను నిదానంగా చూస్తే ఆ ఇంటి ఆడవాళ్లు ఏయే చీరలు కట్టి విడిచారో, ఏ చీరను చిరిగినా పారేయలేకపోయారో తెలుస్తుంది.

అలా చూస్తున్నప్పుడే ఒక సంగతి నా కంటికి ఆనింది. ఆ గల్లీలో పసిపిల్లల బొంతలకు మూడు మూలలు మామూలుగా ఉంటాయి. నాలుగో మూల నుంచి మాత్రం అరచేయంత తెల్ల గుడ్డ, మడతలు వేసి గట్టిగా కుట్టింది, మేకపిల్ల చెవిలా బయటికి వేలాడుతూ ఉంటుంది. బొంత నట్టనడుమ ఒక ఎర్ర గుడ్డ పువ్వు. ఒక ఇంటి బొంత అయితే ఏదో అనుకోవచ్చు. అన్ని గోడల మీదా అదే చెవి, అదే పువ్వు.

అవన్నీ కుట్టేది మెహమూద్ భార్య హలీమా అని తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ చెవి ఎందుకో తెలుసుకోవడానికే పట్టింది.

“గది హలీమమ్మ నిషానీ,” అన్నాడు చాయ్ హోటల్ పర్వతాలు. “బర్రెకు ముద్రేసినట్టు. ఎవలన్న ఎత్తుకపోతె దొరకవట్టేటందుకు.”

కిరాణా దుకాణం ప్రమీలమ్మ అది విని పెదవి విరిచింది. “నిషానీ లేదు ఏం లేదు. దిష్టికి. అంత మంచిగ కుట్టి ఒక్క కాడ పాడుజేస్తె చూసెటోళ్ల కండ్లు దాని మీదికే పోతయి. పిల్లకు తగలదు.”

సబ్బు కొనడానికి వచ్చిన నిరోష అనే కొత్త కోడలు, “రంగు గుడ్డ తక్కువ వడ్డదేమో,” అంది మెల్లగా.

“ప్రతి బొంతకు తక్కువ వడ్తదా?” అని ప్రమీలమ్మ ఆ పిల్ల వైపు చూసిన చూపుకు నేనూ ఇక అక్కడ ఏమీ అడగలేదు.

మా అన్న కూతురికి నెలలు నిండుతున్నాయి. మా అమ్మ చీరలు కొన్ని సంచిలో పెట్టుకుని, బొంత కుట్టించాలన్న వంకతో హలీమా ఇంటికి వెళ్లాను. వంక నిజమే. కానీ నన్ను నడిపించింది మాత్రం ఆ చెవి.

ఆమె గడప దగ్గర కాళ్లు చాపుకుని, ఒడిలో సగం అయిన బొంత పరుచుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాల పైనుంచి చూస్తుంది. అడగాల్సింది అడిగేశాను.

“నువ్వేమనుకుంటున్నవ్ బిడ్డా?” అంది.

ఊళ్లోవాళ్లు అన్నవి చెప్పాను. బర్రె ముద్ర దగ్గరికి వచ్చేసరికి సూది పక్కన గుచ్చి మరీ నవ్వింది.

“పర్వతాలుకేమెరుక. వాడు నా చేతి బొంత మీద పండలే. దాన్ని మేం చెవి అంటం. కూసో. జర గీ సూదిల దారం ఎక్కియ్యి, నాకు ఆనుతలేదు. నువ్వు ఎక్కిస్తుంటె నేను చెప్త.”

ఆ మధ్యాహ్నమంతా నేను సూదుల్లోకి దారాలు ఎక్కిస్తూ విన్నదే ఇది.

హలీమా పుట్టిల్లు మక్తల్. అటు కర్ణాటక దగ్గర. వాళ్ల దిక్కు బొంతను కౌదీ అంటారు. ఆమె తల్లి అంచు దగ్గర సూది మొదలుపెట్టి, బొంత చుట్టూ తిరుగుతూ తిరుగుతూ లోపలికి వచ్చి నడుమ ముగించేది. గుడ్డంతా పాతదే. నాలుగు మూలలకు మాత్రం కొత్త ఎర్ర గుడ్డను మడిచి పువ్వుల్లా కుట్టేది.

“పువ్వెందుకు?” అని అడిగాను.

“నేను గూడ అడిగిన చిన్నప్పుడు. పిల్లకు అన్ని పాతయే ఇస్తె ఎట్ల, ఒక్కటన్న కొత్తదుండాలె గద అన్నది. నాకు మంచిగనిపించింది. ఇంకేం అడగలే.”

పెళ్లయి రామన్నపేట వచ్చినప్పుడు ఆమె మాట తీరుకు గల్లీలో నవ్వేవాళ్లట. ఆ నవ్వుల్లో ముందుగా పాత చీరలు తెచ్చి ఒళ్లో పడేసిన మనిషి ఎదురింటి గోపమ్మ. గోపమ్మ ఒక ఇంటి పచ్చడి మెచ్చుకుంటే గల్లీ అంతా ఆ ఇంటి పచ్చడే తినేది. అలా గోపమ్మ ఇంటి బొంత చూసి ఒక్కొక్క ఇల్లూ హలీమా దగ్గరికి వచ్చింది.

“మక్తల్ల మా అమ్మిల్లు ఎట్లనో, గీడ గోపమ్మక్క ఇల్లు గట్ల,” అంది హలీమా. “అందుకే గా ఇంటి తలుపు వెట్టుకుంటె నాకు ఊరే మూసుకుపోయినట్టయింది.”

తలుపు ఎందుకు మూసుకుందో అప్పుడు చెప్పింది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం. గోపమ్మ కూతురు రమ పురిటికి వచ్చి ఇంకా పుట్టింట్లోనే ఉంది. పాప పేరు మనీష. పాప కోసం హలీమా ముందే బొంత కుట్టి ఇచ్చింది. నాలుగు మూలలకూ నాలుగు ఎర్ర పువ్వులు. పాప దాని మీదే పడుకుంది, దాని మీదే బోర్లా పడింది, దాని మీదే కూర్చోవడం నేర్చింది.

తరవాత పళ్లు రావడం మొదలైంది. పాప పిడికిలి నోట్లోంచి తీసేది కాదు. సొంగకు గౌను తడిసి ఛాతీ మీద ఒరుసుకుపోయేది. ఎత్తుకున్నవాళ్ల భుజం కొరికేది. తాళంచెవి, మంచం కోడు, రమ ఫోను మూల, ఏది అందితే అది నోట్లోకి పోయేది. ఎవరికైనా ఇంతే. గోపమ్మకు వచ్చిన ఫికర్ వేరు. పాపకు మొదటి పన్ను కింద కాకుండా పైన వచ్చింది.

“పై పన్ను ముందు వస్తే మేనమామకు గండమంటరు,” అంది హలీమా. “నిజమో కాదో నాకు తెల్వదు. గోపమ్మక్కకు మాత్రం ఒక్కడే కొడుకు.”

ఆ కొడుకు దివాకర్. డీసీఎం వ్యాన్ నడుపుతాడు. గండం పోవాలంటే మేనమామ నూనె గిన్నెలో పాప మొహం చూడాలని గోపమ్మ రోజూ వెంటపడేది.

“నూనెల మొకం చూసుడేందమ్మా,” అనేవాడట దివాకర్. “నేను రోజూ ఇంజన్ ఆయిల్ల చూసుకుంటనే ఉన్న. ఏం గండం రాలే.”

అలా నవ్వేసి బండెక్కి పోయిన ఒకరోజు, పొద్దెక్కాక, రమ పెరట్లో బట్టలు పిండుతోంది. పాప లోపల బొంత మీద ఉంది. ఏడుపు లేదు. రెండు వారాలుగా ఏడుపు లేని పూట లేదు కాబట్టి, చప్పుడు లేకపోవడమే వింతగా తోచి గోపమ్మ లోపలికి తొంగి చూసింది. పాప నోరంతా ఎరుపు. గడ్డం మీద, మెడ మడతల్లో, ఛాతీ మీద ఎరుపు. పాప మాత్రం హాయిగా ఉంది.

“అక్క మనీషా అని ఒర్లలే,” అంది హలీమా. “దివాకరా అని ఒర్లింది. నాకు గీడికి ఇనవడ్డది. నేను దివాకర్‌కే ఏమన్న అయిందేమోనని ఉరికిన.”

ఆటో పిలిచారు. పాపను కింద ఉన్న బొంతలోనే చుట్టి గోపమ్మ ఒడిలో పెట్టుకుంది. ఒక పక్క రమ, ఇంకో పక్క నీళ్ల సీసా పట్టుకుని హలీమా. గోపమ్మ కొంగుతో పాప నోరు తుడుస్తోంది. మళ్లీ ఎరుపు. మళ్లీ తుడుస్తోంది.

“తుడిసినకొద్దీ వస్తాంది, ఆగుతలేదు,” అని గోపమ్మ అరుస్తుంటే, ఆటో అతను హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. మధ్య మధ్యలో గోపమ్మ దివాకర్‌కు ఫోన్ కలిపిస్తోంది. వాడు ఎత్తడం లేదు. ఎత్తకపోయినకొద్దీ ఆమె పాపను ఇంకా గట్టిగా పట్టుకుంటోంది.

ఇక్కడ హలీమా ఆగి నా వైపు చూసింది, నాకేమైనా తట్టిందా అన్నట్టు. నాకు తట్టింది.

“పాప అప్పటికీ పువ్వు నములుతూనే ఉందా?”

“ఆఁ. గా బొంతలనే ఉండె గద. పువ్వు దాని పిడికిట్లనే ఉండె. ముగ్గురు ఆడోళ్లం, ఆరు కండ్లు. అందరం నోరు చూసినం. చెయ్యి ఎవ్వరం చూడలే.”

దవాఖానలో డాక్టరమ్మ దూదితో తుడిచింది. చిగుళ్లు వేలితో తడిమింది. దూదిని వెలుతురుకు పెట్టి చూసింది. తరవాత పాప పిడికిలి విప్పి పువ్వు బయటికి తీసింది. పొద్దున ఎర్రగా ఉన్న పువ్వు నానిన గులాబీ రేకులా వెలిసిపోయి ఉంది.

“నెత్తురు కాదమ్మా, రంగు,” అంది. “ఈ బొంత ఎవరు కుట్టారు?”

“నేనే,” అంది హలీమా.

డాక్టరమ్మ కోప్పడలేదు. నోరు శుభ్రంగా కడిగించింది. వాంతులు గానీ ఒంటి మీద దద్దులు గానీ కనిపిస్తే వెంటనే తీసుకురమ్మంది. పళ్ల నొప్పికి ఏం చేయాలో కూడా చెప్పింది. కడిగిన వేలితో చిగుళ్లను మెల్లగా రుద్దొచ్చు. శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్లలో తడిపి, దగ్గర కూర్చుని నమలనివ్వొచ్చు. తేనె రాయకూడదు. జ్వరమొచ్చినా విరేచనాలైనా పళ్లవేనని ఇంట్లో పెట్టుకుని కూర్చోకూడదు. రమ తలూపుతూ విన్నది. గోపమ్మ విన్నట్టు లేదు. ఆమె బొంతను చూస్తోంది.

తిరిగి వస్తుంటే బస్టాండు దగ్గర దివాకర్ కనిపించాడు, మిర్చీ బజ్జీ తింటూ. ఫోను చాయ్ హోటల్లో చార్జింగ్ పెట్టాడట. గోపమ్మ ఆటో ఆపించి దిగి, వాడి వీపు మీద ఒకటి చరిచి, ఆ చేత్తోనే వాణ్ని పట్టుకుని ఏడ్చింది.

“ఏందమ్మా, గండం దాటిపాయెనా?” అన్నాడు వాడు నోట్లో బజ్జీతో.

ఆటోలో ఎవరూ నవ్వలేదు. గోపమ్మ ఇల్లు చేరేదాకా హలీమా వైపు తిరగలేదు.

మర్నాడు పొద్దున హలీమా తలుపు తీసేసరికి ఆ బొంత అరుగు మీద ఉంది. ఉతికి, ఆరబెట్టి, నీటుగా మడిచి పెట్టింది. దాని పక్కన ఇంకో బొంత కోసం కత్తిరించి పెట్టిన గుడ్డలు. అవేమీ కాదు, అంత నీటుగా మడిచి పెట్టిన తీరే తనను కోసిందంది హలీమా.

“తిట్టినా బాగుండు. తిట్టు అయిపోతది. మడత అయిపోదు.”

గోపమ్మ వెనకే గల్లీ. ఒక ఇంటివాళ్లు చీరలు తిరిగి అడిగారు. ప్రమీలమ్మ, “ఎండకాలం గదనే, ఇప్పుడు బొంతలెందుకు,” అని సంచి తీసుకుపోయింది.

“ఎండకాలం ప్రతి యేడు వస్తది,” అంది హలీమా. “అంతకుముందు ఎన్నడు గట్ల అనలే.”

“నీకు కోపం రాలేదా?”

“వచ్చింది. అక్క మీద గాదు. ఎరుపు మీద.” ఆమె కుట్టడం ఆపింది. “నువ్వే చెప్పు బిడ్డా. గా గుడ్డను కుట్టకముందు నీళ్లల్ల నానవెట్టిన. ఉప్పేసి నానవెట్టిన. చుక్క రంగు దిగలే. నీళ్లకు దిగని రంగు పిల్ల నోట్లె ఎట్ల దిగె?”

ఆ ప్రశ్న ఆమెను కూర్చోనివ్వలేదు. మిగిలిన ఎర్ర గుడ్డలోంచి ముక్క కత్తిరించి తన నోట్లోనే పెట్టుకుంది. నానితే ఏమీ కాలేదు. నమిలింది. కాసేపటికి అరచేతిలో ఉమ్మి చూస్తే ఎర్రగా ఉంది. నానడం వేరు, నమలడం వేరు అని అప్పుడు అర్థమైంది. వెచ్చటి నోట్లో, సొంగలో, చిగుళ్ల మధ్య ఒరుసుకుంటూ నలిగితే మొండి రంగు కూడా వదులుతుంది.

అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డ మూలా నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. గడప మీద కూర్చుని, ఆకాశం వైపు చూస్తూ, దవడ ఆడిస్తూ. నైలాన్ చీర జారుతుంది, చిగురుకు పట్టు దొరకదు. జరీ గీరుతుంది. టర్కీ తువ్వాలు నూగు వదులుతుంది, అది గొంతులో పడితే దగ్గు. కొత్త నూలుగుడ్డ గంజి రుచి. వదులుగా కుట్టిన దారం నాలిక మీదికి ఊడి వస్తుంది, అన్నిటికంటే అదే భయం.

“పెద్దవాళ్ల నోటికి తెలిసేది పసిపిల్ల నోటికి తెలిసేదీ ఒకటేనా?” అన్నాను.

ఈ మాటకు ఆమె ముఖం వెలిగింది. ఎవరో ఒకరు అడగాలని ఇన్నాళ్లు చూసినట్టుంది. “గదే నేను గూడ అనుకున్న. పండ్లున్న కాడ ఏం తెల్వదు. నాకు ఎనుక దవడపన్ను పీకిన జాగ ఉన్నది. ఆడ వట్టి చిగురే. ఆడ వెట్టి నమిలి చూసిన. ఆడ అన్ని తెలుస్తయి.”

గడప మీద కూర్చుని గుడ్డలు నమిలే మనిషిని గల్లీ చూడకుండా ఉంటుందా. మెహమూద్ షాపుకు వచ్చినవాళ్లు అడిగేవాళ్లు. ఆయన ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, చేతుల గ్రీజు తుడుచుకుంటూ ఆమె ముందు నిలబడ్డాడు.

“మెహమూద్ పెండ్లానికి బువ్వ వెడ్తలేడు, గుడ్డలు తింటాంది అంటున్నరు.”

“అననియ్యి.”

“మళ్ల పండ్లొస్తున్నయా బేగం?”

“నువ్వు ట్యూబును నీళ్లల్ల ముంచి చూస్తవ్ గద, బుడగ ఏడికెళ్లి వస్తాందని. నిన్నెవరన్న అడిగిన్రా?”

ఆయన కొంచెం ఆలోచించాడట. “నిజమే. ఇద్దరం పంక్చర్లు దేవులాడెటోళ్లమే,” అని పక్కన కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే నల్లా దగ్గర బిందె నింపుకుంటూ రమ దొరికింది. తల్లికి కనిపించకుండా గొంతు తగ్గించి మాట్లాడింది.

“చిన్నమ్మా, పిల్ల పాలు తాగుతలేదు. నోట్లె వెట్టుకుంటది, కొరుకుతది, మళ్ల నొప్పికి ఇడిసి ఏడుస్తది. డాక్టరమ్మ తడిగుడ్డ ఇయ్యమన్నది గద. అమ్మ గుడ్డ అంటేనే మండుతాంది. గుడ్డతోనే గీ తిప్పలు వచ్చె అంటది. తేనె రాస్తనంటె నేనే వద్దన్న. దినాం లడాయే.”

“నా బొంత మీద పండుకున్నదా ఎన్నడన్న, తర్వాత?”

“దేని మీద పండుకోవెడ్తె గది, మూల కోసం దేవులాడుతది చిన్నమ్మా. దొరకకపోతె ఏడుస్తది.”

ఆ మాట విన్నాక ఇంటికి వచ్చి వంట చేయలేదంది హలీమా. ఎదురింటి ఏడుపు మధ్యాహ్నాలు వినబడుతూనే ఉంది. పాపకు కావాల్సింది ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలుసు. ఇవ్వాల్సిన ఇంటి తలుపే ఆమెకు మూసి ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి మెత్తబడిన, రంగన్నది లేని నేత గుడ్డ కావాలి. వాళ్లింట్లో అన్నీ రంగు లుంగీలు.

గుడ్డ దానంతట అదే నడిచి వచ్చింది. గోపమ్మ భర్త దశరథం ఒకరోజు సైకిల్ గాలి పట్టించుకోవడానికి షాపుకు వచ్చి, హలీమా అక్కడుంటే చూసి, చంకలోంచి చిన్న మూట తీశాడు.

“పిల్ల ఏడుపు ఇనలేకపోతున్న చెల్లె. రమ చెప్పింది నువ్వు గుడ్డలు చూస్తున్నవని. గీ దోతి నా పెండ్లి తర్వాత నేయించింది. ఇంక కట్టెటట్టు లేదు.”

“అక్కకు తెలిస్తె?”

“దోతి ఏదని అడిగితె బర్రె తిన్నదని చెప్త.”

హలీమా ఆ దోతి అంచు అక్కడికక్కడే నోట్లో పెట్టుకుని, పన్ను లేని జాగాలో నమిలి చూసింది. జారలేదు. గీరలేదు. రుచి లేదు. దశరథం బిత్తరపోయి మెహమూద్ వైపు చూస్తే, “గంతే అన్నా, అలవాటు చేస్కో,” అన్నాడట మెహమూద్.

తిరిగొచ్చిన బొంతను ఒళ్లో వేసుకుని ఎర్ర పువ్వులు నాలుగూ విప్పేసింది. తల్లి చెప్పినదానికి విరుద్ధంగా సూది పట్టడం అదే మొదలు. కొత్తది ఒక్కటైనా ఉండాలి కదా. చాలాసేపు పువ్వును చేతిలో పట్టుకుని కూర్చుని, చివరికి ఒక్కటి తీసుకెళ్లి బొంత నట్టనడుమ అదిమి కుట్టింది. అక్కడ గుడ్డ బల్లపరుపుగా ఉంటుంది, పిడికిట్లోకి రాదు, నోటికి అందదు. ఒక మూలకు దోతి గుడ్డను మడతలు మడతలుగా చెవిలా కుట్టింది. పాప పిడికిలికి సరిపోయేంత, గొంతు దాకా పోలేనంత. దారం కొసలన్నీ లోపలికి తోసింది. మరగబెట్టింది, ఎండబెట్టింది, మళ్లీ నమిలింది, మళ్లీ మరగబెట్టింది.

“అప్పుడు పోయిన,” అంది. “పొద్దుగాల. అందరు చూస్తుండంగనే.”

గోపమ్మ వాకిట్లో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. కూర్చోమనలేదు. హలీమా తనంతట తనే ఎదురుగా కూర్చుంది. బొంత ఒడిలో పెట్టుకుని, తెల్ల చెవిని తీసి నోట్లో పెట్టుకుంది. ఆకు నమిలినట్టు నమలసాగింది. లోపల పాప రాగం తీస్తోంది. గోపమ్మ ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది.

చివరికి గోపమ్మే అంది.

“ఏం తింటున్నవే?”

హలీమా నోరు తెరిచి నాలిక చాపింది. “చూడక్కా. ఏ రంగున్నది?”

గోపమ్మ చూసింది. నాలిక చూసింది, తడిసిన చెవిని చూసింది. చెయ్యి చాపి ఆ చెవిని తన వైపు లాక్కుంది. బొటనవేలితో అంచు మీద తెల్ల దారంతోనే నేసిన సన్నటి గీతను తడిమింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

“గిది మా ఇంటాయన దోతి.”

హలీమా నాలిక లోపలికి తీసుకుంది.

“బర్రె తిన్నదన్నడు.”

“బర్రె గాదక్కా. నేనే తింటున్న.”

గోపమ్మ పెదవులు బిగబట్టింది. బిగబట్టినకొద్దీ భుజాలు ఊగాయి. చాటలో బియ్యం ఊగింది. లోపల్నుంచి రమ వచ్చి చూసేసరికి ఇద్దరూ కొంగులు నోట్లకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. తరవాత గోపమ్మ ఆ చెవి ఇంకో కొసను తన నోట్లో పెట్టుకుంది. ఆమెకు ముందు పళ్లు రెండు లేవు. అక్కడ పెట్టి నమిలింది. హలీమా ఆమె ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

“మెత్తగున్నది,” అంది గోపమ్మ. వెంటనే, “నా కండ్ల ముందట మళ్ల కాగవెట్టు. ఇద్దరం ఎంగిలి చేసినం,” అంది. కొంచెం ఆగి, “పువ్వేదే?” అని అడిగింది.

హలీమా బొంత పరిచి నడుమ చూపించింది.

గోపమ్మ పొయ్యి మీదే నీళ్లు మరిగాయి. మరిగిన చెవి ఆరాక, కాచి రంజన్ కుండలో చల్లార్చిన నీళ్లలో దాన్ని తడిపి పిండి, రమ పాప ముందు పెట్టింది. పాప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. విసిరేసింది. మళ్లీ అందుకుంది. నోట్లో పెట్టుకుని, చిగుళ్ల మధ్య నొక్కి, కళ్లు పెద్దవి చేసి కాసేపు ఏదో వింటున్నట్టు ఉండిపోయింది. తరవాత నమలడం మొదలుపెట్టింది. ముగ్గురాడవాళ్లూ ఈసారి చెయ్యీ చూశారు, నోరూ చూశారు.

ఆ పూట పాప రమ దగ్గర కాస్త నిమ్మళంగా పాలు తాగింది.

“ఏడుపు ఆగిపోయిందా మరి?”

“ఏడ ఆగుతది బిడ్డా. పొద్దూకి మళ్ల ఏడ్చింది. కింది పన్ను వచ్చెదాక ఏడ్చుకుంటనే ఉన్నది. గుడ్డ నొప్పిని ఎత్తుకపోతదా? జర పట్టు దొరుకుతది, గంతే.” దారం కొస కొరికి పక్కన పెట్టింది. “దివాకర్ గూడ నూనె గిన్నెల మొకం చూసిండు. అమ్మ కోసం చూస్తున్న గని, నా మొకమే సక్కగ కనవడ్తాంది అన్నడు.”

మర్నాడు గోపమ్మ ఆ బొంతను ఉతికి, పెరట్లో దండెం ఖాళీగా ఉన్నా, గల్లీ వైపు గోడ మీద ఆరేసింది. తెల్ల చెవి బయటికి కనిపించేలా దాన్ని రెండుసార్లు సర్ది మరీ వెళ్లింది. హలీమా తన గడపలో కూర్చుని అది ఆరేదాకా చూసింది. అది ఆరకముందే ప్రమీలమ్మ చీరల సంచితో వచ్చి నిలబడింది. ఎండాకాలం ఇంకా అయిపోలేదు.

“వచ్చినప్పుడు ఏమంది?” అని అడిగాను.

“ఏమనలే. చెవి వెట్టు అన్నది. ఎందుకని అడగలే. నేను చెప్పలే. అందుకే దిష్టికంటాంది ఇంక.”

మనీష ఇప్పుడు బడికి పోతోంది. పాలపళ్లు ఊడి పెద్ద పళ్లు వచ్చాయి. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వస్తే ఆ బొంత పెట్టెలోంచి తీసి కప్పుకుంటుందట. చెవి నమిలి నమిలి పీచులైతే హలీమా మళ్లీ కుట్టింది. దశరథం దోతి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఏ ఇంటి బొంతకు ఆ ఇంటి పెద్దాయన పాత గుడ్డే అడుగుతుంది. లేకపోతే మెహమూద్ తెల్ల అంగీలు ఉన్నాయి.

నేను తెచ్చిన సంచి అప్పుడు గుర్తొచ్చింది. తీసి ముందు పెట్టాను. హలీమా మా అమ్మ చీరలు ఒక్కొక్కటే విప్పి ఒడిలో పరుచుకుంది. ఒక లేత గోధుమరంగు నేత చీర దగ్గర ఆగింది. అమ్మ ఇంట్లో కట్టుకునే చీర అది. ఉతికి ఉతికి రంగు ఏనాడో పోయింది. కొంగు కొస నోట్లో పెట్టుకుని, వెనక దవడ వైపు తోసి, ఆకాశంలోకి చూస్తూ నమలసాగింది. నేను దారం ఎక్కించిన సూది పట్టుకుని ఆమె ముఖమే చూస్తున్నాను, ఏం చెబుతుందోనని.

ఎదురింటి గోడ మీద నుంచి నెరిసిన తల ఒకటి లేచింది.

“ఏమే హలీమా, ఇయ్యాల ఎవలింటిది తింటున్నవే?”

హలీమా నోట్లోది తీయకుండానే చేత్తో నన్ను చూపించింది.